భయపెట్టే కథ ఆట: నడిపేవారు తెలుసుకోవలసిన విషయాలు

హాస్టల్‌లో చదివిన వారికి దయ్యాల కథలు కొత్త కాదు. స్టడీ అవర్ అయిపోయి, అన్నాలు తిని, ట్రంకు పెట్టెల పక్కన చాపలు పరుచుకున్నాక కరెంటు పోయిందంటే చాలు, ఎవరో ఒకరు మొదలుపెడతారు. చెలకల నడుమ మండుతూ పోయే కొరివి దయ్యం, మర్రిచెట్టు కింద తెల్లచీర, బాయికాడ గజ్జెల చప్పుడు. ఏ మండలం నుండి వచ్చిన పిల్లగాడైనా తన ఊరి కథ ఒకటి మూటగట్టుకొని వస్తాడు. దేవరకొండ పిల్లలు గుట్టల కథ చెబితే, అచ్చంపేట పిల్లలు నల్లమల కథ చెబుతారు.

ఈ వ్యాసం ఆ కథల గురించే. కాకపోతే ఒక అడుగు ముందుకు వేసి, వినేవాళ్లందరూ కథలో పాత్రలైపోయే ఆట గురించి చెప్పదలచుకున్నాను. ఈ ఆటను బాగా నడపడం కష్టమైన పని. ఎందుకు కష్టమో, ఆ కష్టాన్ని ఎలా దాటాలో, మన హాస్టళ్లలో దీన్ని ఆడేటప్పుడు ఏ జాగ్రత్త తప్పనిసరో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇది ఏ రకం ఆట?

నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలిన వారు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు బస్సు కండక్టరు, ఒకరు నర్సమ్మ, ఒకరు పట్నం నుండి సెలవుకు వచ్చిన మేస్త్రీ. నడిపే వ్యక్తి "మీరు ఊరి చివర పాడుబడ్డ బడి ముందు నిలబడ్డారు. లోపల దీపం వెలుగుతోంది. ఏం చేస్తారు?" అని అడుగుతారు. ఆడేవాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. ఆ పని ఫలించిందా లేదా అనేది సందేహంగా ఉన్నప్పుడు పాచికలు వేసి తేల్చుకుంటారు. స్టేజీ లేదు, వేషం లేదు, ముందుగా రాసుకున్న డైలాగులు లేవు. ఇంగ్లీషులో దీన్ని రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. మనం పాత్రల ఆట అందాం.

ఈ ఆట అచ్చులో మొదటిసారి వచ్చింది 1974లో, అమెరికాలో. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట అది. అందులో పాత్రలు వీరులు. కత్తులు, మంత్రాలు, రాక్షసులతో యుద్ధాలు. 1981లో శాండీ పీటర్సన్ రాసిన కాల్ ఆఫ్ కథుల్హు వచ్చింది. దాన్ని కేయోసియం అనే సంస్థ ప్రచురించింది. లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికన్ రచయిత భయానక కథల ఆధారంగా చేసిన ఆట అది. ఇందులో పాత్రలు వీరులు కారు. లైబ్రరీలో పనిచేసేవారు, పత్రికా విలేకరులు, డాక్టర్లు, మామూలు మనుషులు. ప్రతి పాత్రకూ ఒంటి బలంతో పాటు మనసు నిబ్బరానికి కూడా ఒక అంకె ఉంటుంది. చూడరానిది చూసినప్పుడల్లా పాచిక వేయాలి. పాచిక అనుకూలంగా పడకపోతే ఆ అంకె తగ్గుతుంది. పూర్తిగా తగ్గిపోతే పాత్ర మతి తప్పుతుంది. భయాన్ని లెక్కలోకి తెచ్చిన ఈ పద్ధతిని తర్వాత ఎన్నో ఆటలు అనుసరించాయి.

భేతాళ కథలోనే ఉన్న కిటుకు

ఇదంతా విదేశాల నుండి వచ్చిందే, మనకేం సంబంధం అనుకోవద్దు. చందమామలో భేతాళ కథలు చదవని హాస్టల్ విద్యార్థి ఒకప్పుడు ఉండేవాడు కాదు. భుజాన శవం వేసుకుని, చేత కత్తి పట్టుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ, శంకర్ గారు వేసినది, మన కళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ కథల అమరికను ఒకసారి గమనించండి. శవంలోని భేతాళుడు కథ చెప్పి, చివర ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. రెండు దారులూ ఉన్నాయి, రెండింటికీ మూల్యం ఉంది.

భయపెట్టే ఆటకు ప్రాణం సరిగ్గా ఇదే. దయ్యం ఎంత పెద్దగా ఉంది, ఎన్ని కోరలున్నాయి అన్నది ముఖ్యం కాదు. ఆడేవాడి ముందు రెండు దారులు ఉండాలి, ఏ దారిలో పోయినా ఏదో ఒకటి పోగొట్టుకునేలా ఉండాలి. ఆ నిర్ణయం అతనే తీసుకోవాలి. భేతాళుడు మంచి ఆట నడిపేవాడు. విక్రమార్కుడు మంచి ఆటగాడు.

మొదటి కష్టం: బలం ఎంత, బలహీనత ఎంత

యుద్ధం ఆటలో పాత్ర బలవంతుడు. రాక్షసుడు కనబడితే కొడతాడు. భయం ఆటలో కొట్టగలిగితే భయం పోతుంది. కాబట్టి కొత్తగా నడిపేవాళ్లు ఏం చేస్తారంటే, పాత్రలకు ఏ దారీ లేకుండా చేస్తారు. తలుపు తీద్దామంటే తెరుచుకోదు. పరుగెత్తుదామంటే కాళ్లు కదలవు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. పదిహేను నిమిషాలు గడిచేసరికి ఆడేవాళ్లు గోడకు ఆనుకుని "ఏం చేసినా అంతే గదా, నువ్వే చెప్పుకో" అంటారు. అక్కడితో ఆట చచ్చిపోయి కథ మాత్రమే మిగులుతుంది.

దీనికి మందు ఏమిటి? దయ్యాన్ని కొట్టే బలం ఇవ్వకూడదు, కానీ వేరే పనులు చేసే బలం ఇవ్వాలి. దాక్కోవచ్చు, అడిగి తెలుసుకోవచ్చు, ఒకరిని కాపాడవచ్చు, ఒక వస్తువు వదిలేసి తప్పించుకోవచ్చు. తలుపు తెరుచుకోవాలి. అయితే తెరిచాక దాన్ని మూయడం కుదరకపోవచ్చు. ఫోన్ కలవాలి. అయితే అవతల మాట్లాడే గొంతు అమ్మది కాకపోవచ్చు. "లేదు" అనే మాటకంటే "సరే, కానీ" అనే మాట ఎక్కువ భయపెడుతుంది.

ఇంకొక మాట. పాత్రలను తొందరగా చంపవద్దు. మొదటి అరగంటలోనే పాత్ర చనిపోయిన పిల్లగాడు మిగతా గంటన్నర ఖాళీగా కూర్చుంటాడు. ఖాళీగా ఉన్నవాడు పక్కవాడిని గిల్లుతాడు. చంపడం కంటే పోగొట్టడం మేలు. టార్చిలైటు పోవాలి, దారి పోవాలి, తోడు పోవాలి. అన్నీ పోయాక మిగిలేది ప్రాణం. దాని మీదికి చివర్లో వస్తే చాలు.

రెండో కష్టం: నవ్వు

భయం ఆట ఆడేటప్పుడు ఎవరో ఒకరు జోకు వేస్తారు. అందరూ నవ్వుతారు. నడిపే వ్యక్తికి కోపం వస్తుంది. నిజానికి ఆ నవ్వు ఆట చెడిపోయిందని చెప్పే గుర్తు కాదు. చాలాసార్లు భయం పెరిగిందని చెప్పే గుర్తు. మనిషి గుండె బరువు దింపుకోవడానికి నవ్వుతాడు. దాన్ని గద్దిస్తే అందరూ బిగుసుకుపోతారు, కథలోంచి బయటికి వస్తారు.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. బుర్రకథ చూడండి. కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. అందులో ఒకరి పని హాస్యం. వీరుడు నేలకొరిగే ఘట్టానికి ముందు ఆ వంత జనాన్ని నవ్విస్తాడు. నవ్వి వదులైన మనసు మీద పడిన దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆట నడిపేవారు కూడా నవ్వుకు చోటు ముందే పెట్టుకోవాలి. ఆట మొదట్లో పాత్రల పరిచయం సరదాగా సాగనివ్వండి. నడుమ ఒకసారి ఊపిరి పీల్చుకునే ఘట్టం పెట్టండి, చాయ్ హోటల్లోనో, బస్టాండులోనో. జోకు వచ్చినప్పుడు మీరూ నవ్వండి. నవ్వు ఆగాక ఒక్క క్షణం మౌనంగా ఉండి, గొంతు తగ్గించి తర్వాతి మాట చెప్పండి. అరవడం వల్ల ఒక్కసారి ఉలిక్కిపడతారు. గొంతు తగ్గిస్తే అందరూ ముందుకు వంగుతారు.

ఎంతమంది ఉండాలన్నది కూడా ముఖ్యమే. నలుగురైదుగురికి మించితే భయం పలచబడుతుంది. పది మంది ఆడతామంటే రెండు జట్లు చేయండి.

మూడో కష్టం: చూపించకుండా చెప్పడం

ఉలికిపాటుకూ ఉత్కంఠకూ తేడా ఉందని సినిమా దర్శకుడు హిచ్‌కాక్ ఒక ఉదాహరణతో చెప్పేవాడు. బల్ల కింద బాంబు ఉందని ఎవరికీ తెలియకుండా అది పేలితే ప్రేక్షకుడు ఒక్క క్షణం ఉలిక్కిపడతాడు. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిసి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు తీరిగ్గా మాట్లాడుకుంటుంటే, ఆ నిమిషాలన్నీ వణుకుతాడు. ఆటలో కూడా అంతే. "ధన్‌మని దయ్యం వచ్చింది" అంటే ఒకసారి పనిచేస్తుంది, రెండోసారి నవ్వు వస్తుంది. అది వస్తుందని తెలిపే చిన్న చిన్న గుర్తులు ఒక్కొక్కటిగా ఇస్తూ పోవాలి.

ఆ గుర్తులు మనకు తెలిసిన వస్తువుల్లోంచి రావాలి. ఇంగ్లీషు సినిమాలోని కోటలు, గబ్బిలాలు, శవపేటికలు మన పిల్లలకు భయం పుట్టించవు. కరెంటు లేని రాత్రి పొలంలో బోరు మోటరు తనంతట తాను నడుస్తున్న చప్పుడు, అది భయం. వలస పోయిన ఇల్లు, బయట తాళం, లోపలి నుండి గిన్నెలు సర్దుతున్న శబ్దం, అది భయం. పాలమూరు పిల్లలకు తాళం వేసిన ఇల్లు అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు.

చెప్పేటప్పుడు కళ్లకంటే చెవికి, ముక్కుకు ఎక్కువ పని చెప్పండి. "తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి" అనగానే అందరికీ సినిమా గుర్తొస్తుంది. "తడి మట్టి వాసన. వాన పడి మూడు నెలలైంది" అంటే ఆలోచన మొదలవుతుంది. దానికి పేరు పెట్టవద్దు. దయ్యం, పిశాచి, మోహిని అని పేరు పెట్టగానే అది తెలిసిన వస్తువైపోతుంది. ఆడేవాళ్లే దానికి పేరు పెట్టుకోవాలి.

నాలుగో కష్టం: లెక్కలు కథకు అడ్డం రాకుండా

భయం ముదిరిన సమయంలో "ఆగు, పుస్తకంలో రూలు చూస్తా" అన్నారంటే అంతా పోయింది. భయం ఆటకు రూళ్లు తక్కువ ఉండాలి. ఖరీదైన పాచికలు, పుస్తకాలు మనకు అక్కర్లేదు. నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు చాలు.

ప్రతి ఆటగాడికీ నాలుగు చింతగింజలు ఇవ్వండి. అవి అతని పాత్ర ధైర్యం. భయంకరమైనది ఎదురైనప్పుడు నాలుగు గవ్వలు వేయాలి. రెండు లేక అంతకంటే ఎక్కువ వెల్లకిల పడితే నిలబడ్డట్టు. ఒకటే పడినా, ఒక్కటీ పడకపోయినా ఒక గింజ ఇచ్చేయాలి. గవ్వ వెల్లకిల పడటానికీ బోర్లా పడటానికీ సమాన అవకాశం అనుకుంటే, పదహారు రకాల్లో పదకొండు రకాలు నిలబెడతాయి, అయిదు రకాలు గింజను పోగొడతాయి. అంటే సగటున పన్నెండు పదమూడు పరీక్షలకు ఒక పాత్ర ధైర్యం అయిపోతుంది. రెండు గంటల ఆటకు ఇది సరిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ లెక్క వేయించండి, సంభావ్యత పాఠం కూడా అయిపోతుంది.

గింజలు అయిపోయిన పాత్ర చనిపోదు. భయంతో ఒక పని చేస్తుంది, పరుగెత్తడమో, దాక్కోవడమో, తోటివాడి చేయి వదిలేయడమో. ఆ పని ఏమిటో ఆ ఆటగాడే చెప్పాలి. ఆ తర్వాత ఒక గింజ తిరిగి ఇచ్చి ఆట కొనసాగించాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. 2005లో వచ్చిన డ్రెడ్ అనే ఆటలో పాచికలే లేవు. చెక్కముక్కలు పేర్చిన జెంగా గోపురం ఉంటుంది. కష్టమైన పని చేయాలంటే గోపురంలోంచి ఒక ముక్క లాగి పైన పెట్టాలి. గోపురం ఎవరి చేతిలో కూలితే వారి పాత్ర కథలోంచి పోతుంది. ఆట సాగేకొద్దీ గోపురం ఊగుతుంటుంది, చేతులు వణుకుతుంటాయి. కథలోని భయం చేతివేళ్లలోకి వస్తుంది. మన దగ్గర ఏడు పెంకులాట పెంకులు ఉన్నాయి కదా. ప్రతి కష్టమైన పనికీ ఒక పెంకు పైన పెట్టాలి అని నియమం పెట్టుకోండి. ఏడు సరిపోవు, ఇరవై దాకా ఏరుకోండి. చిన్నవి పెద్దవి కలిసి ఉంటే ఇంకా మంచిది.

జపాన్‌లో ఎడో కాలంలో, అంటే 1603 నుండి 1868 మధ్య, నూరు కథల కూటమి అనే వేడుక ఉండేది. నూరు దీపాలు వెలిగించి, ఒక్కో దయ్యం కథ చెప్పి ఒక్కో దీపం ఆర్పేవారు. చివరి దీపం ఆరితే ఏదో వస్తుందని నమ్మకం. 2015లో వచ్చిన టెన్ కాండిల్స్ అనే ఆటలో పది కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆరుతుంటాయి. చదవడానికి బాగుంది కానీ చాపలు, బొంతలు, దోమతెరలు ఉన్న హాస్టల్ గదిలో కొవ్వొత్తులు పెట్టవద్దు. ఒక టార్చిలైటు మీద కాగితాలు ఒక్కొక్కటి కప్పుతూ పోయినా అదే పని జరుగుతుంది.

ఒక ఉదాహరణ: నీళ్ల కింది ఊరు

చెప్పినవన్నీ కలిపి ఒక కథ ఎలా అల్లాలో చూద్దాం. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణకు అటూ ఇటూ కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊర్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు కర్నూలు వైపు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం వెళ్లి పూజలు చేస్తారు. అంతకు ముందు నల్లగొండ వైపు ఏలేశ్వరం నాగార్జునసాగర్ నీళ్లలోకి పోయింది. ఈ నిజం మీద మన కల్పన నిలబెడదాం.

ఏప్రిల్ నెల. నీళ్లు తగ్గి ఒక పాత ఊరు గోడలు తేలాయి. ఊరికి పేరు పెట్టవద్దు. నలుగురు మనవలు, తమ తాతల ఇల్లు చూడటానికి బురదలో నడిచి వచ్చారు. ఆట ఇలా సాగుతుంది.

నడిపే వ్యక్తి: "ఇంటికి పైకప్పు లేదు. గోడలు నడుమెత్తు ఉన్నయి. లోపల ఇసుర్రాయి ఉంది."

ఒక ఆటగాడు: "దాని మీద ఏమన్న ఉందా?"

నడిపే వ్యక్తి: "ముట్టుకుంటె తెలుస్తది."

ఆటగాడు: "ముట్టుకుంట."

నడిపే వ్యక్తి: "పిండి. జొన్నపిండి. పొడిగ ఉంది. రాయి వెచ్చగ ఉంది."

ఇక్కడ ఎవరూ అరవలేదు, రక్తం లేదు. నలభై ఏళ్లు నీళ్లలో ఉన్న రాయి మీద పొడి పిండి ఉండటం ఎలా సాధ్యం అన్న ప్రశ్న ఒక్కటే ఉంది. గవ్వలు వేయించండి. తర్వాత గుర్తులు పెంచుకుంటూ పోండి. పక్క ఇంట్లో పొయ్యి పొగ. పెరట్లో బురద మీద చిన్నపిల్ల పాదాలు, లోపలికి పోయినవే ఉన్నాయి, బయటికి వచ్చినవి లేవు. సాయంత్రానికి ఎవరో నాయినమ్మ గొంతుతో పేరు పెట్టి పిలుస్తారు, బువ్వకు రమ్మని.

ఇప్పుడు రెండు దారులు. పిలుపుకు పలికి వెళితే తాతల ఊరు మొత్తం కనబడుతుంది, వాళ్లకు చెప్పుకోవలసిన మాటలు చెప్పుకోవచ్చు, కానీ నీళ్లు పెరుగుతున్నాయి. పలకకుండా వెనక్కి పోతే బతుకుతారు, కానీ ఆ పిలుపు ఇంకెవరూ వినరు. ఎవరు పోతారు, ఎవరు ఉంటారు అన్నది ఆ నలుగురే తేల్చుకోవాలి. ఈ కథలో దయ్యం ఎవరికీ కీడు చేయలేదు. ఊరు పోయిన బాధే దయ్యంగా వచ్చింది. ఆట అయ్యాక ఆడినవాళ్లలో ఒకరైనా ఇంటికి పోయి, మునిగిన ఊర్ల గురించి తాతను అడిగితే, మీరు ఆట బాగా నడిపినట్టు లెక్క.

అన్నిటికంటే పెద్ద కష్టం: నిజం భయం ఉన్న చోట ఆట భయం

అమెరికాలోనో జపాన్‌లోనో ఈ ఆట ఆడేవారికి దయ్యం ఒక కల్పన. మన దగ్గర అలా కాదు. తెలంగాణ జిల్లాల్లో బాణామతి, చేతబడి చేస్తున్నారనే అనుమానంతో మనుషులను చెట్టుకు కట్టేసి కొట్టిన, పండ్లు ఊడగొట్టిన, చంపిన ఘటనలు ఎన్నోసార్లు పత్రికల్లో వచ్చాయి. అనుమానం ఎవరి మీదికి పోతుంది? ఒంటరి ముసలమ్మ మీదికి, భర్త లేని ఆడమనిషి మీదికి, పేద కులాల కుటుంబం మీదికి. జ్వరానికి, పశువు చావుకు, బిడ్డ రోగానికి కారణం వాళ్లే అంటారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఊరూరా తిరిగి, మంత్రాల పేరుతో చేసే మాయలను విప్పి చూపిస్తూ వచ్చాయి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి దురాచారాలపై చట్టాలు చేశాయి.

హాస్టల్‌లో మన పక్కన చాప వేసుకున్న పిల్లగాడి ఇంటిమీద అటువంటి నింద పడి ఉండవచ్చు. అతను ఎవరికీ చెప్పి ఉండడు. మనం ఆటలో "ఊరి చివర మంత్రగత్తె" అని ఒక ముసలమ్మను పెట్టి, ఆఖరికి ఆమెను తరిమికొడితే, ఆ పిల్లగాడికి మనం ఏం చెప్పినట్టు? కాబట్టి మొదటి నియమం ఇది. మన ఆటలో భయం ఎన్నడూ పొరుగు మనిషి చేసిన మంత్రం నుండి రాకూడదు. కథలో ఒక కులాన్ని, ఒక మతాన్ని, ఒక వాడను, ఒక రోగాన్ని భయానికి కారణం చేయకూడదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్‌తో వంగిపోయిన ఒళ్లను భయపెట్టే బొమ్మలుగా వాడకూడదు. అది మనవాళ్ల బాధ.

ఈ తప్పు మన ఊర్లలోనే జరుగుతున్నది కాదు. ముందు చెప్పిన లవ్‌క్రాఫ్ట్ కథల్లో నల్లజాతివారి మీద, వలస వచ్చినవారి మీద అసహ్యం కనబడుతుంది. వాళ్లను చూసి భయపడమనే కథలు ఆయన రాశాడు. 2016లో విక్టర్ లవాల్ అనే నల్లజాతి రచయిత, ఆ కథల్లో ఒకదాన్ని తీసుకుని, నల్లజాతి మనిషి కళ్లతో తిరిగి రాశాడు. ఆ పుస్తకం పేరు ది బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్. ఎవరిని చూసి భయపడమంటున్నారో వాళ్ల వైపు నిలబడి అదే కథ చెప్పవచ్చని ఆ పుస్తకం చూపించింది. ఊరి కథల్లో ఎప్పుడూ ఊరి బయటే నిలబెట్టబడిన మనకు ఈ పాఠం వేరే ఎవరూ నేర్పనక్కరలేదు.

రెండో నియమం, ఆటకు ముందే హద్దులు చెప్పుకోవాలి. ఏ సంగతులు కథలోకి రాకూడదో అందరినీ అడగాలి. చనిపోయిన తోబుట్టువు, ఉరి, బావిలో పడటం, పాముకాటు, తాగి కొట్టే తండ్రి, ఇలా ఎవరి మనసులో ఏ గాయం ఉందో మనకు తెలియదు. నలుగురిలో చెప్పలేనివారు చిట్టీ మీద రాసి వేయవచ్చు, పేరు అక్కర్లేదు. రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రచయిత దీన్ని గీతలు, తెరలు అని రెండు రకాలుగా చెప్పాడు. గీత అంటే ఆ విషయం కథలోకే రాదు. తెర అంటే జరిగిందని తెలుస్తుంది, వివరంగా చెప్పరు.

మూడో నియమం, ఆట నడుమ ఎవరైనా ఆపగలగాలి. విదేశాల్లో దీనికోసం బల్ల మీద ఒక అట్టముక్క పెట్టి, దాన్ని ముట్టుకుంటే ఆ సంగతి వదిలేస్తారు. మనకు అట్టముక్క అక్కర్లేదు. చిన్నప్పటి నుండి మన ఆటల్లో "తూచ్" అనే మాట ఉంది. ఎవరు తూచ్ అన్నా ఆ ఘట్టం ఆగిపోవాలి. ఎందుకని అడగకూడదు, వెక్కిరించకూడదు. వెక్కిరించినవారు ఆ రోజు ఆటలో ఉండకూడదు. తూచ్ అనగలనని తెలిసిన పిల్లగాడు ఇంకా ధైర్యంగా భయపడతాడు. మెట్లబావికి పిట్టగోడ ఉంటేనే కదా లోపలికి వంగి చూస్తాం.

నాలుగో నియమం, చిన్నపిల్లలు. మన హాస్టళ్లలో మూడో తరగతి పిల్లలూ పదో తరగతి పిల్లలూ ఒకే కప్పు కింద పడుకుంటారు. పెద్దవాళ్లు ఆడుకునే భయం ఆట వింటూ మూలన ఒక చిన్నోడు దుప్పటి ముసుగులో వణుకుతుంటాడు. వాడు రాత్రి బాత్రూముకు పోవడానికి భయపడతాడు, పక్క తడుపుకుంటాడు, పొద్దున అందరూ నవ్వుతారు, పండగకు ఇంటికి పోయినవాడు తిరిగి రాడు. హాస్టల్‌లో దయ్యం ఉందన్న పుకారు పుట్టి పిల్లలు మూటాముల్లె సర్దుకుని ఇళ్లకు పోయిన వార్తలు మనం చదివినవే. ఒక రాత్రి సరదా కోసం ఒకరి చదువు ఆగిపోతే అంతకంటే నష్టం లేదు. అందుకని చిన్నపిల్లలు లేని గదిలోనే ఆడండి. మన హాస్టల్ భవనాన్ని, మన బావిని, మన వెనుక చెట్టును, మన దగ్గర చనిపోయిన మనిషిని కథలోకి తేవద్దు. కథ జరిగే చోటు మనం పొద్దున నడవాల్సిన చోటు కాకూడదు. వార్డెన్ గారికి ముందుగా చెప్పి ఆడండి.

ముగించే పద్ధతి

ఆట మొదలుపెట్టడం అందరికీ వస్తుంది. ముగించడమే కొందరికి వస్తుంది. చివరి మాట చెప్పగానే లేచిపోవద్దు. లైటు వేయండి. పాత్రల పేర్లు వదిలి అసలు పేర్లతో ఒకరినొకరు పిలుచుకోండి. అందరూ నీళ్లు తాగండి. ఎక్కడ భయం వేసింది, ఎక్కడ బోరు కొట్టింది అని అడగండి. గింజలు, గవ్వలు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. మీరు ఏ గుర్తు ఎక్కడ పెట్టారో, ఏ గొంతు ఎందుకు తగ్గించారో విప్పి చెప్పండి. కిటుకు తెలిసిన పిల్లగాడు రాత్రి నిశ్చింతగా నిద్రపోతాడు. అంతేకాదు, రేపు ఊర్లో ఎవరైనా నిమ్మకాయలు, బొమ్మలు చూపించి భయపెడితే, దీని వెనుక కూడా కిటుకు ఉంటుందని ఆలోచిస్తాడు. ఈ ఆటవల్ల మనకు వచ్చే పెద్ద లాభం ఇదే.

మరో లాభం కూడా ఉంది. తరగతిలో సారు అడిగితే నోరు విప్పని పిల్లలు, ఇంగ్లీషు రాదని, యాస బాగోదని వెనక బెంచీలో కూర్చునే పిల్లలు ఈ ఆటలో మాట్లాడతారు. అక్కడ వాళ్లు నర్సమ్మ, కండక్టరు, మేస్త్రీ. వాళ్ల యాసలోనే ఆ పాత్రలు బతికేది. పది మంది ముందు నిర్ణయం తీసుకోవడం, తోటివాడి మాట వినడం, భయం వేసినా చేయి వదలకుండా ఉండటం, ఇవన్నీ రేపు ఇంటర్వ్యూ గదిలోనూ, ఆఫీసులోనూ పనికి వచ్చేవే.

తమ్ముళ్లారా, ఈ సంచిక చదివాక ఒక ఆదివారం నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు సంపాదించండి. ముందుగా హద్దులు మాట్లాడుకోండి. మీ ఊరి కథతోనే మొదలుపెట్టండి. పూర్వ విద్యార్థులైన మిత్రులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక రాత్రి ఆగి, పెద్ద తరగతుల పిల్లలతో ఒక ఆట నడిపి చూడండి. మన కాలంలో చాపల మీద విన్న కథలు వాళ్లకు అందించడానికి ఇంతకంటే మంచి దారి లేదు.